థైరాయిడ్ మాత్ర వాడుతూ బరువు తగ్గే పొడి, హెర్బల్ క్యాప్సూళ్లు తీసుకోవచ్చా?

ప్రశ్న: బ్రాడీపేట టీచరు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో పని చేస్తున్నాను. వయసు 34, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తరువాత థైరాయిడ్ తక్కువగా ఉన్నట్లు పరీక్షలో తేలింది. అప్పటి నుంచి రోజూ ఉదయం 6 గంటలకు 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నాను. నా ఎత్తు 156 సెంటీమీటర్లు. మొన్న మాఘమాసంలో మా మరిది పెళ్లి నాటికి 71 కిలోల బరువు ఉన్నాను. ఆ పెళ్లిలో ఎదురుపడిన ప్రతి బంధువూ పిల్లలు ఎలా ఉన్నారని అడగక ముందే నా ఒళ్లు గురించి అడిగారు. పంక్తిలో కూర్చుని రెండో బూరె వద్దని చేయి అడ్డం పెట్టినప్పుడు పక్కనే ఉన్న పెద్దావిడ "ఇప్పుడు మానేసి ఏం లాభం" అన్నమాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

వరసకు నాకు తోడికోడలయ్యే ఒకావిడ ఇంటి నుంచే బరువు తగ్గే ఉత్పత్తులు అమ్ముతుంది. ఆ పెళ్లి మర్నాడే ఆమె దగ్గర నెలకు 7,500 రూపాయల ప్యాకేజీ తీసుకున్నాను. పరగడుపున రెండు గ్రీన్ టీ క్యాప్సూళ్లు, ఆరున్నరకు టిఫిన్‌కు బదులు పాలలో కలిపిన సోయా ప్రోటీన్ షేక్, మధ్యాహ్నం భోజనానికి ముందు గార్సినియా క్యాప్సూల్, పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్లలో ఒక చూర్ణం. బరువు తగ్గేటప్పుడు జుట్టు రాలకుండా ఉండాలని 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర కూడా ఇచ్చింది. మిగిలిన వాటికి డబ్బాలు, లేబుళ్లు ఉన్నాయి గాని, చూర్ణం మాత్రం ఏమీ రాయని ప్లాస్టిక్ కవరులో వస్తుంది.

ఆరు వారాల్లో 66.5 కిలోలకు వచ్చాను. అయితే మూడో వారం నుంచి గుండె దడదడలాడుతోంది, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టడం లేదు, తెల్లవారేసరికి మూడు నాలుగు విరేచనాలు అవుతున్నాయి. పది రోజులుగా వికారంగా ఉండి అన్నం చూస్తేనే సహించడం లేదు. ఈ సంగతి చెబితే ఆమె "ఒంట్లో ఉన్న చెడంతా బయటికి పోతోంది, ఇంకో నెల ఓర్చుకో" అంటుంది. పోయిన వారం థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్, ఒంట్లో థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది) 0.08 వచ్చింది, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా వచ్చింది. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని డాక్టరు గారు అడిగితే లేదని చెప్పాను. ఇవి మందులన్న ఆలోచనే అప్పుడు నాకు రాలేదు. ఆయన థైరాక్సిన్‌ను 75 నుంచి 50కి తగ్గించారు.

వీటిని ఆపేయాలా, కొనసాగించవచ్చా? మూలికలతో చేసిన వాటికి దుష్ఫలితాలు ఉండవన్న మాట ఎంతవరకు నిజం? ఆపితే మా తోడికోడలికి ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు.


జవాబు: ఫార్మసిస్టు, గవర్నర్‌పేట, విజయవాడ

టీచరు గారూ, ముందుగా చేయవలసిన పని చెబుతాను, కారణాలు తరువాత వివరిస్తాను. థైరాక్సిన్ తప్ప మిగిలినవన్నీ ఈ రోజే ఆపండి. ఆ డబ్బాలను, కవరులో మిగిలిన చూర్ణాన్ని పారవేయకుండా ఒక సంచిలో వేసుకుని రేపే మీ డాక్టరు గారి దగ్గరకు వెళ్లి, ఇవన్నీ ఆరు వారాలుగా వాడుతున్నానని చెప్పండి. కాలేయ పరీక్ష, అంటే ఎల్‌ఎఫ్‌టీ, చేయించమని మీరే అడగండి. పది రోజులుగా వికారం ఉండి అన్నం సహించకపోవడాన్ని తేలికగా తీసుకోకూడదు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పుట్టినా, కళ్లు పచ్చబడినా రేపటి దాకా కూడా ఆగవద్దు.

ఇక మీ థైరాయిడ్ రిపోర్టు సంగతి. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది అదే. బయోటిన్ శరీరానికి రోజుకు 30 నుంచి 40 మైక్రోగ్రాములు సరిపోతుంది. మీరు వేసుకుంటున్న 10 మిల్లీగ్రాముల మాత్రలో దానికి 250 రెట్లకు పైగా ఉంటుంది. శరీరం దానిని మూత్రంలో వదిలించుకుంటుంది కాబట్టి ఒంటికి పెద్ద హాని లేకపోవచ్చు గాని, రక్త పరీక్షను అది తారుమారు చేయగలదు. చాలా ల్యాబుల యంత్రాలు టీఎస్‌హెచ్‌ను, టీ4ను కొలిచే పద్ధతిలోనే బయోటిన్ ఒక పనిముట్టుగా ఉంటుంది. రక్తంలో బయోటిన్ ఎక్కువైతే ఆ యంత్రాలు టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తాయి. అంటే థైరాయిడ్ తక్కువగా ఉన్న మనిషికి ఎక్కువగా ఉన్నట్లు రిపోర్టు వస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2017లోనూ, మళ్లీ 2019లోనూ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెబుతుంది. మీకు నిజంగానే 0.08 ఉందో, మాత్ర వల్ల అలా కనిపించిందో మళ్లీ పరీక్ష చేస్తే గాని తేలదు. మీ డాక్టరు గారు తన ముందున్న కాగితాన్ని బట్టి మోతాదు తగ్గించారు, అందులో ఆయన తప్పేమీ లేదు.

మీ షేక్ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. థైరాక్సిన్ వేసుకున్న అరగంటకే సోయా, పాలలోని కాల్షియం, డబ్బాలో కలిపిన ఇనుము కడుపులోకి చేరితే మాత్ర పూర్తిగా ఒంటికి పట్టదు. కాల్షియానికి, ఇనుముకు, థైరాక్సిన్‌కు మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. కాబట్టి ఒంట్లో థైరాయిడ్ తగ్గుతూ ఉంటే రిపోర్టులో పెరిగినట్లు కనిపించే అవకాశం మీ విషయంలో గట్టిగా ఉంది. అదే జరిగి ఉంటే, మోతాదు పెంచవలసిన మనిషికి తగ్గించినట్లయింది.

మరి గుండె దడ ఎందుకు అంటారా? గ్రీన్ టీ క్యాప్సూళ్లలోని కెఫీన్ ఒక కారణం కావచ్చు. అంతకంటే చెడ్డ అవకాశం ఇంకొకటి ఉంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. బరువు తగ్గించే మూలికలని చెప్పి అమ్మిన సరుకును వివిధ దేశాల్లో పరీక్షించినప్పుడు అందులో సిబుట్రమిన్ అనే మందు మళ్లీ మళ్లీ బయటపడింది. ఒకప్పుడు అది డాక్టర్లు రాసిన మందే. గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతున్నదని తేలడంతో 2010లో ఐరోపాలో, అమెరికాలో దానిని ఉపసంహరించారు. మన దేశం 2011 ఫిబ్రవరిలో నిషేధించింది. అలాగే థైరాయిడ్ హార్మోన్‌నే కలిపిన ఉదంతాలు కూడా ఉన్నాయి. మీ కవరులో అదే ఉందని నేను అనడం లేదు. పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు ఏవీ లేని పొడిలో ఏమి ఉందో అమ్మిన ఆవిడకు కూడా తెలియదు అంటున్నాను.

తెల్లవారుజామున విరేచనాలు అవుతున్నాయంటే ఆ చూర్ణంలో సునాముఖి ఉండి ఉంటుందని నా ఊహ. ఆకు మంచిదే, మలబద్ధకానికి రెండు మూడు రోజులు వాడతారు. కాని అది పని చేసేది పెద్ద పేగు మీద. మనం తిన్న దానిలోని శక్తి అంతకు ముందే చిన్న పేగులో ఒంటికి పట్టేస్తుంది కాబట్టి, విరేచనాలతో పోయేది నీరు, పొటాషియం లాంటి లవణాలు మాత్రమే, కొవ్వు కాదు. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. తూకం యంత్రం మీద కిలో తగ్గినట్లు కనిపిస్తుంది గాని, రెండు రోజులు సరిగా నీళ్లు తాగితే ఆ కిలో తిరిగి వస్తుంది.

గ్రీన్ టీ కాచుకుని తాగడానికీ, దాని సారాన్ని క్యాప్సూల్‌గా మింగడానికీ చాలా తేడా ఉంది. 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ పరిశీలించినప్పుడు, సప్లిమెంట్ల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు అంతకు మించి గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం తీసుకున్న వారిలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నట్లు గుర్తించింది. పరగడుపున వేసుకుంటే అది ఇంకా ఎక్కువగా రక్తంలోకి ఎక్కుతుంది. మీరు వేసుకున్నది పరగడుపునే. గార్సినియా విషయానికి వస్తే, అది మన పులుసులో వేసే చింతపండు కాదు, కేరళలో చేపల కూరలో వేసే మలబారు చింత. 1998లో అమెరికాలో 135 మందికి 12 వారాల పాటు సగం మందికి దాని సారం, సగం మందికి ఉత్తి గోళీ ఇచ్చి చూస్తే, బరువు తగ్గడంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాలేయం దెబ్బతిన్న కేసులు మాత్రం తరువాతి సంవత్సరాల్లో నమోదవుతూ వచ్చాయి.

మరి నాలుగున్నర కిలోలు ఎలా తగ్గారు? రోజూ తినే టిఫిన్ మానేసి షేక్ తాగారు, కడుపులో వికారంతో అన్నం సగం తగ్గించారు, నీరు పోయింది. ఇందులో క్యాప్సూళ్ల గొప్పతనం నాకు ఏమీ కనిపించడం లేదు.

మూలికలకు దుష్ఫలితాలు ఉండవన్న మాట గురించి అడిగారు. ఒంట్లో ఏదైనా మార్పు తేగలిగిన పదార్థం అక్కరలేని మార్పు కూడా తేగలదు. ఉమ్మెత్త కూడా మొక్కే. ప్రతి నెలా నా కౌంటరు దగ్గరకు బీపీ మాత్రలకో, షుగరు మాత్రలకో, గర్భనిరోధక మాత్రలకో వచ్చే ఆడవారిని ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగితే మొదట లేదనే అంటారు. "పొడులు, కషాయాలు, జుట్టు మాత్రలు, షేకులు ఏమైనా?" అని పేరుపేరునా అడిగితే అప్పుడు గుర్తుకు వస్తాయి. అందుకని మీరు డాక్టరు గారికి లేదని చెప్పినందుకు తప్పు చేసినట్లు భావించవద్దు. దయచేసి రేపు మాత్రం అన్నీ చెప్పండి.


జవాబు: పటమట నివాసి, విజయవాడ

అమ్మా, నీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాకు 58 ఏళ్లు. మూడేళ్ల కిందట మా చిన్నమ్మాయికి 26 ఏళ్ల వయసులో పెళ్లి కుదిరింది. ముహూర్తానికి మూడు నెలలు ఉందనగా, ఫొటోలలో సన్నగా కనిపించాలని తెలిసిన వారి దగ్గర క్యాప్సూళ్లు తెప్పించుకుని వాడింది. నాకు తెలిసే వాడింది, డబ్బు నేనే ఇచ్చాను. రెండో నెలలో నీరసం, వికారం మొదలయ్యాయి. పెళ్లి పనుల అలసట అనుకున్నాం. ఒక రోజు పొద్దున తలకు నూనె రాస్తూ చూస్తే దాని కళ్లు పచ్చగా కనిపించాయి.

అప్పుడు నేను చేసిన తప్పును ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే మన వైపు ప్రతి ఇంట్లోనూ చేసేది అదే. కామెర్లు అనగానే ఆసుపత్రికి తీసుకెళ్లలేదు, పసరు పోయించడానికి తీసుకెళ్లాను. మా అమ్మ మమ్మల్ని అలాగే తీసుకెళ్లేది. మూడు రోజులు పరగడుపున పసరు తాగింది. ఉప్పు, నూనె, పప్పు అన్నీ మాన్పించి మజ్జిగ అన్నం పెట్టాం. క్యాప్సూళ్లను మాత్రం ఎవరూ మాన్పించలేదు, అవి కామెర్లకు కారణం కావచ్చన్న అనుమానమే మాకు రాలేదు. నాలుగో రోజు మాట తడబడి, పగలూ రాత్రీ తేడా తెలియకుండా నిద్రపోతుంటే అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాం. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ 19 ఉంది. హెపటైటిస్ ఎ, బి, సి, ఇ పరీక్షలన్నీ చేసి, ఏవీ లేవని తేలాక, ఏం వాడిందో ఒక్కొక్కటి చెప్పమని పెద్ద డాక్టరు గారు గంటసేపు కూర్చుని అడిగారు. క్యాప్సూళ్లు మొదటి దెబ్బ అయితే పసరు రెండో దెబ్బ అయి ఉండవచ్చని, అందులో ఏ ఆకు ఉందో తెలియదు కాబట్టి ఖాయంగా చెప్పలేమని అన్నారు. కాలేయం మార్చవలసి వస్తుందేమో, దాతగా ఇంట్లో ఎవరున్నారో చూసుకోమన్నారు. ఆ రాత్రి ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు.

మార్చకుండానే కోలుకుంది. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉంది. రిపోర్టులు మామూలు స్థితికి రావడానికి ఐదు నెలలు పట్టింది. పెళ్లివారు మంచివారు, ముహూర్తం మార్చుకున్నారు. అమ్మిన ఆవిడ మాకు బాగా కావలసిన మనిషి. ఆమెను ఏమైనా అంటే ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటలు ఉండవని మేము నోరు మెదపలేదు. ఆమె ఆ తరువాత కూడా అవే అమ్మింది. ఇంకొకరి పిల్ల వాడి ఉంటుందేమోనన్న బాధ నాకు ఈ రోజుకీ పోలేదు. నీ తోడికోడలికి ఏమని చెప్పాలో తెలియడం లేదన్నావు. జరిగింది జరిగినట్లు చెప్పు తల్లీ. ఆమె నొచ్చుకున్నా సరే చెప్పు.


జవాబు: ఆయుర్వేద వైద్యురాలు, విజయవాడ

ఫార్మసిస్టు గారు చెప్పిన దానిలో ఎక్కువ భాగంతో ఏకీభవిస్తున్నాను. పటమట అమ్మగారి అనుభవం చదివి చాలా బాధ కలిగింది. అయితే ఇలాంటి ప్రతి చర్చలోనూ ఆయుర్వేదం, హెర్బల్, సప్లిమెంట్ అనే మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల రోగులకే నష్టం జరుగుతోంది. అందుకని కొంత వివరంగా రాస్తున్నాను.

గ్రీన్ టీ సారం, గార్సినియా సారం మన చికిత్సా పద్ధతిలోనివి కావు. అవి ఆహార చట్టం కింద హెల్త్ సప్లిమెంట్లు, న్యూట్రాస్యూటికల్స్ అనే వర్గంలో అమ్ముడవుతాయి. 2016 నాటి నిబంధనల ప్రకారం వాటి లేబుల్ మీద ఇవి ఔషధంగా వాడడానికి కాదని ముద్రించాలి, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు ఉన్నంత మాత్రాన అది బరువు తగ్గిస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్లు కాదు. ఆయుర్వేద ఔషధాలు వేరే, అవి 1940 నాటి ఔషధ చట్టం కిందకు వస్తాయి. వాటి మీద తయారీ లైసెన్సు నంబరు, ద్రవ్యాల జాబితా, బ్యాచ్, గడువు తేదీ ఉండాలి. నల్లజీడి, నాభి, నేపాళం వంటి తీక్ష్ణమైన ద్రవ్యాలను చట్టమే ఒక ప్రత్యేక జాబితాలో చేర్చింది. లోపలికి వాడే ఔషధంలో అవి ఉంటే వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలి. టీచరు గారికి ఇచ్చిన చూర్ణం ఈ రెండు చట్టాల్లో దేనికీ లోబడినది కాదు. ఇక ఊబకాయాన్ని నయం చేస్తామన్న మందుల ప్రకటనలు 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నిషిద్ధం. ఆ చట్టంలోని రోగాల పట్టికలో ఊబకాయం పేరు స్పష్టంగా ఉంది. అయినా ఆటోల వెనుక, బస్టాండు గోడల మీద, ఫోన్లలో ఆ ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నాయి.

స్థౌల్యానికి మా శాస్త్రంలో చికిత్స లేదా అంటే ఉంది. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలుల గురించి, అతికృశుల గురించి చర్చించేదే. కాని అక్కడ ఆహారం, వ్యాయామం, నిద్ర, మనిషి బలం అన్నీ చూసి, వాటితో పాటు ఔషధం చెప్పారు గాని, అందరికీ ఒకే కవరు ఇమ్మని చెప్పలేదు. గుగ్గులు కలిసిన మందు రాసే ముందు నేను గర్భం గురించి, పాలిచ్చే పిల్లల గురించి, గుండె మందుల గురించి తప్పకుండా అడుగుతాను, ఎందుకంటే ప్రొప్రనలాల్, డిల్టియజెమ్ వంటి మాత్రలు రక్తంలోకి చేరడాన్ని గుగ్గులు తగ్గిస్తుంది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు కాబట్టి, థైరాక్సిన్ వాడే స్త్రీ తనంతట తాను అది మొదలుపెట్టడం మంచిది కాదు. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా నమోదయ్యాయి.

ఇలాంటి చర్చల్లో తిప్పతీగ ప్రస్తావన తప్పక వస్తుంది కాబట్టి ముందే చెబుతాను. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ప్రచురించారు. అదే పోలికలతో ఉండే వేరే జాతి తీగను వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రతివాదం చేసింది. ఆ ప్రతివాదంలో బలం ఉందని నా అభిప్రాయం. అయితే రోగి వైపు నుంచి చూస్తే, పెరట్లో కోసుకున్న తీగ ఏ జాతిదో గుర్తుపట్టలేకపోవడం కూడా ప్రమాదమేనని నేను ఒప్పుకుంటాను.

ఆయుర్వేదంలోనే చికిత్స కావాలనుకునే వారికి మన ఊళ్లోనే డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. అక్కడికి వెళ్లినా ఇంగ్లీషు మందుల చీటీ వెంట తీసుకుని వెళ్లండి.


జవాబు: ఒకప్పటి కోచ్, లక్ష్మీపురం, గుంటూరు

నేను రెండేళ్లు ఇలాంటి ఉత్పత్తులు అమ్మాను. అమ్మేవారి వైపు ఎలా ఉంటుందో చెబితే టీచరు గారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మాకు కోచ్ అనే పేరు ఇచ్చారు గాని, పోషకాహారం గురించి మాలో ఎవరూ చదువుకున్న వారు కాదు. మీటింగులలో జవాబులు నేర్పేవారు. విరేచనాలైతే మలినాలు పోతున్నాయని, తలనొప్పి వస్తే చక్కెర అలవాటు వదులుతోందని, నీరసంగా ఉంటే నీళ్లు చాలడం లేదని చెప్పాలి. ఏ బాధ వచ్చినా అది మందు పని చేస్తున్నదనడానికి గుర్తే అన్నమాట. ఆపమని చెప్పే జవాబు ఒక్కటి కూడా మాకు నేర్పలేదు. కొవ్వు శాతం చూపే తూకపు యంత్రం మీద ప్రతి వారం నిలబెట్టేవాళ్లం. ఆ యంత్రం ఒంట్లో నీటిని బట్టి అంకె మారుస్తుందని నాకు చాలా కాలం తరువాత తెలిసింది.

మేము అబద్ధం చెబుతున్నామని అప్పట్లో నాకు అనిపించలేదు. నేనూ అదే తాగేదాన్ని, మా అమ్మకూ అదే ఇచ్చేదాన్ని. ముందుగా సరుకు కొని పెట్టుకున్నాం కాబట్టి అమ్ముడు పోకపోతే ఆ డబ్బు మునిగిపోతుంది. కొనేది అక్కలు, వదినలు, పక్కింటివారే. నా దగ్గర కొన్న ఒకావిడ నెలసరి మూడు నెలలు తప్పిందని చెబితే, నేర్పిన జవాబే చెప్పాను. ఆమెకు పీసీఓడీ (నెలసరి తప్పించే అండాశయాల సమస్య) ఉందా అని నేను ఎన్నడూ అడగలేదు. ఆ తరువాత మానేశాను. మీ తోడికోడలు కూడా నమ్మే అమ్ముతూ ఉండవచ్చు. ఆమె కూడా అవే వాడుతోందా అని ఒకసారి అడగండి.


జవాబు: ఫార్మసిస్టు, గవర్నర్‌పేట, విజయవాడ

వైద్యురాలి గారికి ధన్యవాదాలు. తిప్పతీగ మీద మా అభిప్రాయాలు పూర్తిగా కలవవు గాని, అది ఈ చర్చ విషయం కాదు.

రెండు సంగతులు చేరుస్తాను. ఇలాంటి దుష్ఫలితాలను ఫిర్యాదు చేయడానికి కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. 1800-180-3024 నంబరుకు రోగి స్వయంగా, ఖర్చు లేకుండా ఫోన్ చేసి చెప్పవచ్చు. పటమట అమ్మగారూ, మూడేళ్లయినా ఫరవాలేదు, మీరు చెప్పింది కూడా నమోదైతే మంచిదే.

రెండోది బరువు సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 24 శాతం మహిళలు అధిక బరువుతో ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 36 శాతం. కాబట్టి టీచరు గారి కోరికలో తప్పేమీ లేదు, ఆమె ఎత్తుకు 71 కిలోలు నిజంగానే ఎక్కువ. మన వారిలో స్త్రీకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, బీపీ ముప్పు పెరుగుతుంది. వారానికి అర కిలో చొప్పున తగ్గితే చాలు. కంచంలో అన్నం సగానికి తగ్గించి, ముద్దపప్పు గాని గుడ్డు గాని కూర గాని పెంచి, సాయంత్రం బజ్జీలు, మిక్చరు మానుకుంటేనే అది సాధ్యపడుతుంది. పొద్దున్నే గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో ఎంతమంది నడుస్తారో మీకు తెలుసు. ఇంతకంటే అవసరమైతే డాక్టరు రాసే మందులు ఉన్నాయి. 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చిన వారానికొక ఇంజెక్షన్ కూడా అలాంటిదే. వాటికీ దుష్ఫలితాలు ఉన్నాయి గాని, అవేమిటో ముందే తెలుసు, చూసుకునే డాక్టరు ఉంటాడు. తెలిసిన వారి ద్వారా అవి కూడా తెప్పించుకోవద్దు.


జవాబు: బ్రాడీపేట టీచరు, గుంటూరు

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మీ జవాబులు చదివిన మర్నాడే సంచి పట్టుకుని వెళ్లాను. బల్ల మీద ఒక్కొక్క డబ్బా పెడుతుంటే సిగ్గు వేసింది గాని, డాక్టరు గారు కోప్పడలేదు, అన్నిటి పేర్లూ నా కాగితంలో రాసుకున్నారు. ఎల్‌ఎఫ్‌టీలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైము) 186 వచ్చింది, బిలిరుబిన్ మామూలుగానే ఉంది. బయోటిన్ ఆపిన నాలుగు రోజులకు మళ్లీ థైరాయిడ్ పరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ 0.08 కాదు, 6.8. ఫార్మసిస్టు గారు అనుమానించినట్లే జరిగింది. మాత్రను తిరిగి 75కి మార్చారు. రెండు వారాలకు ఎస్‌జీపీటీ 74కు దిగింది, వికారం పోయింది, గుండె దడ మొదటి వారంలోనే తగ్గిపోయింది. బరువు 68 దగ్గర ఉంది. మొదటి వారంలోనే కిలోన్నర పెరిగినప్పుడు బాధ కలిగింది గాని, అది నీరేనని ఇప్పుడు తెలుసు. చూర్ణం గురించి ఆ నంబరుకు ఫోన్ చేసి చెప్పాను.

మా తోడికోడలి దగ్గరకు వెళ్లడానికి వారం రోజులు వెనుకాడాను. చివరికి నా రిపోర్టులు తీసుకుని వెళ్లి, కోచ్ గారు చెప్పినట్లు, నువ్వు కూడా ఇవే వాడుతున్నావా అని అడిగాను. మొదట కోపగించుకుంది. డబ్బు వెనక్కి అడగడానికి వచ్చావా అంది. తరువాత కాసేపు మాట్లాడకుండా నా కాగితాలు తిరగేసి, తనకూ నెల నుంచి వికారంగా ఉంటోందని, అమ్మే మనిషే బాగా లేదంటే ఎవరు కొంటారని ఎవరికీ చెప్పలేదని అంది. రేపు ఆదివారం. ల్యాబు ఏడు గంటలకు తెరుస్తారు, ఇద్దరం కలిసి వెళ్తున్నాం. తన సంచి తను సర్దుకుంది.